అరువు నాలుక

కాకినాడ చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో అబ్బులు వంటంటే పేరు మోగిపోతుంది గానీ, ఆ పేరులో సగం వాటా అతని భార్య నాలుకదని తెలిసినవాళ్ళు తక్కువ. గుండిగ కింద మంట తగ్గించాక అబ్బులు గరిటెతో తాయారు అరచేతిలో ఒక చుక్క వేసేవాడు. ఆమె నాకి, కళ్ళు మూసుకుని, కాసేపు ఆగి, "ఉప్పు తగ్గిందండీ" అనేది. లేదంటే "బెల్లం ఎక్కువేశారు, చింతపండు పడాలి" అనేది. ఏ వంకా పెట్టకుండా "బాగుంది" అన్నదంటే అబ్బులుకి అనుమానం వచ్చేసేది. ఒంట్లో బాగోలేదేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూసేవాడు.

మంగతాయారు ఉద్యోగం మాత్రం వంటింట్లో కాదు. సముద్రపు గాలి తగిలే పిల్లల కేన్సరు ఆసుపత్రిలో, రెండో అంతస్తు వార్డుకి ఆవిడ ఇన్‌ఛార్జి నర్సు. చేతులు కడుక్కోకుండా వస్తే ఎంతటివాడినైనా గుమ్మంలోనే నిలబెట్టేది. మందులెక్కించడానికి పిల్లల ఛాతీలో అమర్చిన పోర్టుకి సూది గుచ్చేముందు ఏదో కబురు మొదలుపెట్టేది, కథ రసపట్టులో పడేసరికి సూది లోపలికి వెళ్ళిపోయి ఉండేది. జ్వరాలతో పోరాడింది, వాంతులతో పోరాడింది, రక్తంలో తెల్లకణాల లెక్క పడిపోయినప్పుడు తల్లుల భయంతోనూ పోరాడింది. ఒక్క దగ్గరే ఓడిపోయేది. పిల్లలు అన్నం తినేవాళ్ళు కాదు.

తప్పు వాళ్ళది కాదు. ఆ మందులు ఎక్కాక నోరంతా పూసి పుళ్ళు పడతాయి, నాలుకకి ఏది తగిలినా తుప్పు పట్టిన మేకు చప్పరించినట్టుంటుంది. తాయారు వాళ్ళ చేత సోడా ఉప్పు నీళ్ళు పుక్కిలింపించేది, ఐసుముక్కలు చప్పరింపించేది, చల్లటి జావ చెంచాతో పట్టేది. పిల్లలు మొహం తిప్పేసుకునేవాళ్ళు. ఇంటికొచ్చినవాళ్ళు పస్తుతో వెళ్తే పరువు పోయినట్టు బాధపడే ఊళ్ళో పుట్టిన మనిషికి, పూటపూటా ఇంతమంది పిల్లలు గిన్నె తోసెయ్యడం చూస్తూ ఉండటం ఎంత కష్టమో ఎవరికి చెప్పుకుంటుంది? ఇంటికెళ్ళి అబ్బులుకి చెప్పుకునేది. అతను ఇంకో గరిటె కూర వడ్డించేవాడు.

అలాంటి రోజుల్లో పై అంతస్తులో ప్రయోగశాల నడుపుతున్న డాక్టర్ షాహీన్ ఒక అట్టపెట్టె పట్టుకుని కిందికి దిగింది. పెట్టెలో రెండు మెత్తటి పట్టీలున్నాయి, దవడ కింద గొంతుకి చుట్టుకునేవి. ఒకటి తాను చుట్టుకుంది, రెండోది చిట్టిబాబు అనే ఆరేళ్ళవాడికి చుట్టింది. జేబులోంచి బిస్కట్టు తీసి నమిలింది.

"నీ నోట్లో ఏమైనా తెలుస్తోందా?" అంది.

చిట్టిబాబు కళ్ళు పెద్దవి చేశాడు. వాడి నోట్లో ఏమీ లేదు. "తెలుత్తంది! అట్టముక్క!" అన్నాడు.

షాహీన్ ఎగిరి గంతేసింది. వాడు అట్టముక్క అన్నందుకు కాదు, ఏదో ఒకటి తెలిసిందన్నందుకు. క్యాంటీను ఉప్మా తెప్పించుకుని తింది. "తడి అట్టముక్క," అన్నాడు చిట్టిబాబు, న్యాయంగా.

"పట్టీ బాగానే పనిచేస్తోంది," అంది షాహీన్ నవ్వుతూ. "నా నాలుకే మొద్దుది. ఆకలి తీరితే చాలనుకుని తినే రకం నేను. ఈ ఆసుపత్రిలో మంచి నాలుక ఎవరికుంది?"

వార్డులో ఉన్న చేతులన్నీ, సెలైను గొట్టాలున్నవీ లేనివీ, తాయారు వైపు తిరిగాయి.

తాయారు తన క్యారియరు విప్పి, మామిడికాయ పప్పు కలిపిన ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆమెకి ఏ రుచీ తెలియలేదు. వేడిగా, మెత్తగా ఏదో గొంతు దిగింది, అంతే. గొడుగు అరువిచ్చాక మన నెత్తిన ఉండదు కదా. ఎదురుగా చిట్టిబాబు మాత్రం పుల్లదనానికి ఒక కన్ను మూసి, పెదాలు చప్పరించి, "అమ్మోయ్!" అన్నాడు. షాహీన్ చటుక్కున చెంచాడు చల్లటి జావ వాడి నోట్లో పెట్టింది. వాడు మామిడికాయ పప్పన్నం అనుకుని జావ మింగేశాడు. గిన్నె ఖాళీ అయ్యేదాకా మింగుతూనే ఉన్నాడు.

నియమం ఒక్కటే పెట్టింది షాహీన్. పూటకి పావుగంట. పట్టీ మీద పచ్చలైటు ఎర్రగా మారగానే విప్పెయ్యాలి. "పావుగంట దాటితే రుచికి తిరిగొచ్చే దారి చెరిగిపోవచ్చు, సిస్టర్. ఈ ఒక్క విషయంలో నాతో బేరాలాడకండి," అంది. తాయారు బుద్ధిగా తల ఊపింది.

ఆ తర్వాత ఆ వార్డు మధ్యాహ్నాలు చూసి తీరాల్సిందే. వార్డు చివర చిన్న గదిలో బల్లకి అటు తాయారు, ఇటు ఆ పూట వంతు వచ్చిన పిల్లవాడో పిల్లో కూర్చునేవారు. అబ్బులు క్యారియరు పొద్దున్నే వచ్చేది. "రేపు నాకు గుత్తొంకాయ" అని ఒకరు, "పనసపొట్టు కూర" అని ఒకరు రౌండ్లకొచ్చిన పెద్ద డాక్టరు ఎదుటే ఆర్డర్లిచ్చేవాళ్ళు. వాళ్ళు తినేదంతా ఆ చల్లటి జావే, రుచి చూసేది పెళ్ళిభోజనం. తాయారుకి మధ్యాహ్నం తిండి రుచి లేకుండా పోయినా, ఎదుటి మొహాల్లో కనబడేది. "అన్ని రకాల కూరలూ తిన్నానండీ, ఒక్కటీ తినలేదండీ," అని రాత్రి అబ్బులుతో చెప్పి నవ్వేది. ఆ వార్డులో అందరూ ఇళ్ళకి వెళ్ళరన్న సంగతి ఆమెకి తెలుసు. అందుకే ఆ పావుగంటంటే ఆమెకి అంత ప్రాణం.

కార్తీకం వెళ్ళాక ఉప్పాడ నుంచి నూకరత్నం వచ్చింది. పదమూడేళ్ళ పిల్ల, చేపల పడవలున్న ఇంటి ఆడపడుచు. మోకాలి పైన ఎముకలో గడ్డ. ముందు మందులు, తర్వాత ఆపరేషను, మళ్ళీ మందులు. జుట్టు ఊడిపోయిన రోజున ఏడవలేదు గానీ, నోరు పూసిన రోజు నుంచి ఎవరితోనూ మాట్లాడటం మానేసింది. పట్టీ చుడతానంటే తల అడ్డంగా ఊపింది. గుత్తొంకాయ వద్దంది, పనసపొట్టు వద్దంది.

బరువు కాటా రోజుకింత కిందికి దిగుతోంది. పెద్ద డాక్టరు చెప్పాల్సింది చెప్పేశాడు. ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వెయ్యాలి, ఈ పుళ్ళలో అదీ నరకమే. బలం లేకపోతే తర్వాతి మందు వాయిదా వెయ్యాలి. వాయిదా వేస్తే గడ్డకి వ్యవధి ఇచ్చినట్టే.

తాయారు రత్నం మంచం మీద కూర్చుంది. "సరే, నాకు నచ్చిందే తినమని అడగను. నీకేం కావాలో చెప్పు."

రత్నం నోరు తెరిచింది. "మీరు తినరు."

"అడగందే అమ్మయినా పెట్టదు. అడిగి చూడు ముందు."

"ఎండుచేపల కూర. మాయమ్మ వండింది."

ఎండుచేప వాసనకే ఆమడ దూరం పారిపోయే మనిషి తాయారు. బజారులో ఎండుచేపల వరస వస్తే రిక్షా దారి మళ్ళించేది. ఆ పిల్ల మొహంలోకి చూసింది. "రేపే," అంది.

మర్నాడు రత్నం తల్లి సత్తెమ్మ, మామిడి ఒరుగులు వేసి వండిన ఎండుచేపల కూర తెచ్చింది. గది తలుపు వేశారు. తాయారు ముక్కు పట్టుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. రుచి తనకి తెలియదు కాబట్టి బతికిపోయింది గానీ వాసన మాత్రం నెత్తికెక్కింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. ఎదురుగా రత్నం ఆవిడ అవస్థ చూసి, ఎన్నో రోజుల తర్వాత మొదటిసారి ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ఆగిపోయింది. రుచి చేరింది.

"మాయమ్మదే," అంది మెల్లిగా. చెంచా తనంతట తానే తీసుకుంది.

జావ ఒక్కొక్క చెంచా దిగుతోంది. తాయారు ముద్ద తర్వాత ముద్ద మింగుతోంది. సగం గిన్నె అయింది. అప్పుడు పచ్చలైటు ఎర్రగా మారింది, సన్నగా కూత పెట్టింది.

తాయారు చెయ్యి పట్టీ మీదికి వెళ్ళింది.

"ఇంకొక్క ముద్ద తినరా, తాయారమ్మగారూ?" అంది రత్నం. "ఇంకొక్కటే."

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మరి అడిగాక పెట్టని అమ్మ ఎక్కడైనా ఉంటుందా? ఆ ఊళ్ళో విస్తరి మీద చేతులు అడ్డం పెట్టి వద్దు మొర్రో అంటున్న చుట్టానికే చేతుల సందులోంచి వడ్డిస్తారు. అలాంటిది, ఇన్నాళ్ళు మొహం తిప్పుకున్న పిల్ల నోరు తెరిచి ఇంకా కావాలంటే, "చాలమ్మా, టైమైపోయింది" అనడం తాయారుకి చేతకాలేదు. ఆ మాట ఆవిడకి ఎవరూ నేర్పలేదు. యూనిఫారం కాలరు పైకి మడిచి ఎర్రలైటుని కప్పేసింది. కూతని వేలితో నొక్కి ఆపేసింది. ఇంకొక్క ముద్ద పెట్టుకుంది. ఇంకొకటి. ఇంకొకటి.

రత్నం గిన్నె అడుగు వేలితో తుడిచి నాకింది. గుమ్మంలో సత్తెమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. తాయారుకి ఆ రోజంతా కాళ్ళు నేల మీద ఆనలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అబ్బులు ఎవరితోనో పెళ్ళి బేరం మాట్లాడుతూ ఆనపకాయ పులుసు కాస్తున్నాడు. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, అలవాటుగా ఆమె అరచేతిలో చుక్క వేశాడు. తాయారు నాకింది. కళ్ళు మూసుకుంది. కాసేపు ఆగింది.

"బాగుందండీ," అంది.

అబ్బులు ఫోను పెట్టేశాడు. తానొక చుక్క వేసుకుని చూశాడు. మాటల్లో పడి ఉప్పే వెయ్యలేదు. "ఏంటే, వెటకారమా?" అని నవ్వబోయి, భార్య మొహం చూసి ఆగిపోయాడు. గబగబా డబ్బాలు తీశాడు. ఆమె అరచేతిలో నాలుగు ఉప్పురాళ్ళు పోశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. పంచదార పోశాడు. అడ్డంగానే ఊపింది. చిటికెడు కారం వేశాడు.

"మంట తెలుస్తోందండీ," అంది తాయారు. "కారం తెలియట్లేదు."

ఇద్దరూ పొయ్యి పక్కనే నేల మీద చతికిలబడ్డారు. ముందు ఏడ్చింది అబ్బులే. "తెల్లారేసరికి వచ్చేత్తాదిలే," అన్నాడు కళ్ళు తుడుచుకుని. తెల్లారింది గానీ రాలేదు.

తాయారు దాచుకునే మనిషి కాదు. పొద్దున్నే పై అంతస్తుకి వెళ్ళి షాహీన్‌కి ఉన్నదున్నట్టు చెప్పేసింది. షాహీన్ ఆమెకి రకరకాల పరీక్షలు చేసి, చివరికి తన కుర్చీలో కూలబడింది.

"నాలుక బాగానే ఉంది. మెదడే దాని మాట వినడం మానేసింది," అంది. "ప్రయోగం ఆపేస్తున్నాను, సిస్టర్."

"ఆపితే ఆ పిల్లలు మళ్ళీ గిన్నెలు తోసేస్తారు," అంది తాయారు. "మీరు చెప్పారు, నేను వినలేదు. తప్పు నాది. కానీ డాక్టరుగారూ, మీదీ కొంచెం ఉంది. ఎర్రలైటు పెట్టి, ఆపడం మాత్రం మా చేతికి వదిలేశారు. గోదారోళ్ళని వడ్డన మధ్యలో ఆగమంటే ఆగుతారా? తనంతట తానే తెగిపోయేలా తాళం పెట్టండి దానికి."

షాహీన్ కళ్ళల్లో నీళ్ళతోనే నవ్వేసింది. "నరాలన్నిటికీ లెక్క వేశాను. మీ మర్యాదకి వెయ్యలేదు."

పావుగంట కాగానే దానంతట అదే ఆగిపోయే పట్టీలు వచ్చాయి. ఎవరూ మోసం చెయ్యలేని పట్టీలు కాబట్టి, అనుమతులు వచ్చాక, తల్లులూ తండ్రులూ కూడా నాలుక అరువివ్వచ్చన్నారు. వార్డుకి పండగే వచ్చింది. చిట్టిబాబు నాయనమ్మ తన ఊరగాయ జాడీతో సహా దిగింది. అబ్బులు పెళ్ళిళ్ళు లేని రోజున తానే వచ్చి బల్ల ముందు కూర్చునేవాడు. షాహీన్ కూడా వంతు అడిగింది. బుద్ధిగా కూర్చుని, నమిలి నమిలి తినడం నేర్చుకుంది. "ఇవాళ మీది అట్టముక్క కాదు, ఉప్మాయే," అని చిట్టిబాబు ఒప్పుకున్న రోజున ఆవిడ మిఠాయి పంచింది.

రత్నం సంగతి తెలిసి మళ్ళీ తిండి మానేసింది. తన వల్లే అయిందని ఆ పిల్ల గోడ వైపు తిరిగి పడుకుంది. తాయారు వెళ్ళి ఆ గోడకీ మంచానికీ మధ్య ఇరుక్కుని నిలబడింది.

"ఇటు చూడు. నా నాలుక పోయింది, సరే. నువ్వు తినకపోతే అది దండగకి పోయినట్టు. నువ్వు తింటే పనికొచ్చి పోయినట్టు. ఏ లెక్కన పోవాలో నువ్వే చెప్పు."

రత్నం లేచి కూర్చుంది. సత్తెమ్మ పట్టీ చుట్టుకుంది. ఆ వారం కాటా పైకి కదిలింది. ముక్కుగొట్టం వెయ్యలేదు, మందు వాయిదా పడలేదు. ఎండాకాలంలో ఆపరేషను చేసి మోకాలిలో ఉక్కు కీలు పెట్టారు. వానలు తగ్గేవేళకి ఆఖరి సెలైను సీసా కూడా దిగిపోయింది. స్కానులో గడ్డ ఆనవాలు లేదన్నారు. రత్నం కర్ర పట్టుకుని వార్డు ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి, పిల్లలందరి నెత్తినా తలా ఒక మొట్టికాయ వేసి మరీ ఇంటికి వెళ్ళింది.

ఆ ఏడాదంతా తాయారు నవ్వుతూనే తిరిగింది. నవ్వు అబద్ధం కాదు. కానీ భోజనం దగ్గర కూర్చుంటే మాత్రం దిగులేసేది. ఆకలి వేస్తే తినేది, కడుపు నిండితే లేచేది. అబ్బులు అరచేతిలో చుక్క వెయ్యడం మానేశాడు. పిఠాపురం పెళ్ళిలో పులిహోరలో ఉప్పు ఎక్కువైందని నలుగురూ అన్నాక, గరిటె పట్టుకుని ఎటూ తేల్చుకోలేక నిలబడేవాడు. అతను అలా నిలబడటం చూసినప్పుడే తాయారుకి నాలుక పోయిన బాధ నిజంగా తెలిసేది. అతను రోజూ తనని అడిగే ఆ ఒక్క ప్రశ్నా పోయింది. వంటిల్లు మూగబోయింది.

అలాంటప్పుడు చెకప్‌కి వచ్చిన సత్తెమ్మ ఒక ఫిర్యాదు తెచ్చింది.

"మా పిల్లకి ఏదో అయ్యిందండి డాక్టరుగోరూ. కూర వండితే అరచేతిలో ఏయించుకుని నాకుతంది. కళ్ళు మూసుకుంటంది. ఉప్పెక్కువైందమ్మా, పులుపు తగ్గిందమ్మా అని నాకే వంకలెడతంది. పుట్టి బుద్ధెరిగి కాకరకాయ ముట్టని పిల్ల, కాకరకాయ వండమంటంది!"

కాకరకాయ తాయారుకి ప్రాణం. షాహీన్ కలం కింద పెట్టేసింది. రత్నాన్ని పై అంతస్తుకి తీసుకెళ్ళింది, దిగివచ్చేసరికి ఆవిడ మొహం వెలిగిపోతోంది.

"ఆ రోజు పావుగంట గీత దాటి వెళ్ళిన రుచి ఎక్కడికీ పోలేదు, సిస్టర్. ఈ పిల్ల దగ్గరే ఉండిపోయింది. మీ మెదడు మర్చిపోయిన పాఠం ఈ పిల్ల మెదడుకి కంఠతా వచ్చు. ఇప్పుడు ఈమె ఇస్తే, మీరు పుచ్చుకుంటే, మళ్ళీ నేర్చుకోవచ్చు. కొంతైనా. పావుగంటలోపు ఇచ్చినవాళ్ళకి ఏ నష్టమూ లేదని ఇన్నాళ్ళుగా ఇంతమంది తల్లుల మీద చూశాం."

"వద్దు," అంది తాయారు వెంటనే.

ఎందుకని ఎంతమంది అడిగినా ఆవిడ జవాబు ఒక్కటే. "పిల్ల ఇప్పుడే కోలుకుంది. దాని దగ్గర నేను తీసుకోవడమేమిటి? నేను పెట్టేదాన్నే గానీ పుచ్చుకునేదాన్ని కాదు." షాహీన్ పరీక్షలు చూపించింది, సత్తెమ్మ బతిమాలింది. ఆమె వినలేదు. అబ్బులు మాత్రం ఏమీ అడగలేదు. రాత్రి తల మీద చెయ్యి వేసి, "నీ ఇష్టం తాయారూ," అన్నాడు.

మళ్ళీ కార్తీకం వచ్చింది. మందులు ముగించుకున్న పిల్లలందరితో ఏటా వనభోజనానికి వెళ్ళడం ఆ ఆసుపత్రి ఆనవాయితీ. ఈసారి ఉప్పాడ దగ్గర సరుగుడు తోటలో. అబ్బులు వంట. పిల్లలు సముద్రం దాకా పరుగులు పెడుతుంటే, వెంట్రుకలు కొత్తగా మొలిచిన ఆ తలలు చూసి తాయారుకి కడుపు నిండిపోయింది. చిట్టిబాబుకి ఉంగరాల జుట్టు వచ్చింది, అదివరకు లేదట.

అందరూ ఆకుల ముందు కూర్చున్నారు. తాయారు వడ్డనకి నడుం బిగించింది. అప్పుడు రత్నం కర్ర ఊనుకుంటూ వచ్చి, ఆవిడ చేతిలోని గరిటె లాక్కుంది.

"కూకోండి. ఇది మా ఊరు. మీరు ఇయ్యాల చుట్టం."

తాయారు నవ్వి కూర్చుంది. రత్నం గరిటె, కర్ర పక్కన పెట్టి, రెండు చేతులూ వెనక పెట్టుకుని నిలబడింది. ఆ చేతుల్లోంచి షాహీన్ తెచ్చిన రెండు పట్టీలు వేలాడుతూ కనబడుతున్నాయి.

"రత్నం, ఆ సంగతి అయిపోయింది," అంది తాయారు గట్టిగా.

"మీ ఇంటికొచ్చినోళ్ళు తినకుండా ఎల్తే మీకెలా ఉంటాది?"

తాయారు ఆకు సర్దుకుంది.

"చెప్పండి. ఎలా ఉంటాది?"

"...బాధగా ఉంటుంది."

"మరి మీరు మా ఊరొచ్చారు. నేను పెడతానంటన్నాను. మీరు తినకుండా ఎల్తే నాకెలా ఉంటాది?" రత్నం పట్టీలు ముందుకి చాపింది. "అడగందే అమ్మయినా పెట్టదన్నారు. మీరేమో ఎప్పటికీ అడగరు. అందుకని అడక్కుండానే పెడతన్నాను. విస్తరి మీద చేతులు అడ్డం పెడతారా, తీస్తారా?"

చిట్టిబాబు తెరిచిన నోరు మూయలేదు. తాయారు తన చేతుల వైపు చూసుకుంది. నిజంగానే అవి ఆకు మీద అడ్డంగా ఉన్నాయి. జన్మంతా ఎన్ని చేతులు అడ్డం పెట్టినా సందులోంచి వడ్డించిన మనిషి, తన చేతులు మెల్లిగా పక్కకి తీసింది.

షాహీన్ పట్టీలు చుట్టింది. పచ్చలైటు వెలిగింది. సత్తెమ్మ, కార్తీకమని కూడా చూడకుండా, కూతురికో ఆకు వేసి అన్నం పెట్టి, దాని మీద మామిడి ఒరుగులు వేసిన ఎండుచేపల కూర వేసింది. రత్నం ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.

తాయారు నోట్లో ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు. రత్నం ఇంకో ముద్ద తింది. ఇంకోటి తింది. ఆ తర్వాత ఎక్కడో నాలుక అంచున చిన్న చురుకు తగిలింది. అది పెరిగి పెరిగి, సముద్రం మొహం మీద చిమ్మినట్టు ఒక్కసారిగా నోరంతా ఉప్పు! వెనకే పులుపు, ఆ వెనక ఏదో ఘాటు, జన్మలో తను ఎరగని రుచి.

"ఇదా!" అంది తాయారు, కళ్ళమ్మట బొటబొటా నీళ్ళు కారుతుండగా. "ఎండుచేపంటే ఇదా? ఇన్నేళ్ళూ నేను పారిపోయింది దీని దగ్గర్నుంచా?"

పిల్లలు గొల్లున అరిచారు. "బాగుందా తాయారమ్మా?" "ఎలాగుంది తాయారమ్మా?" రత్నం తినడం ఆపడం లేదు. ముద్ద మీద ముద్ద తింటోంది, ఇంకొక్కటి, ఇంకొక్కటి అనుకుంటూ. పావుగంట కాగానే లైటు ఎర్రబడింది, పట్టీ టక్కున ఆగిపోయింది. రత్నం ఉక్రోషంగా దాన్ని వేలితో పొడిచింది.

"అదిగో," అంది షాహీన్. "అందుకే పెట్టాను తాళం. ఉప్పాడోళ్ళూ గోదారోళ్ళే మరి."

పట్టీ విప్పేసరికి తాయారు నోరు మళ్ళీ ఖాళీ అయిపోయింది. ఆవిడ నవ్వు సన్నబడింది. అరువు రుచి అరువుతోనే పోయిందా, కొంతైనా మిగిలిందా? తెలుసుకునే దారి ఒక్కటే ఉంది. అబ్బులు ఆనపకాయ పులుసు గుండిగ దగ్గర నిలబడి ఉన్నాడు. గరిటె చేతిలోనే ఉంది గానీ అడుగు ముందుకు పడటం లేదు. తాయారే లేచి వెళ్ళి అరచెయ్యి చాపింది.

ఏడాది తర్వాత అబ్బులు ఆ చేతిలో ఒక చుక్క వేశాడు. ఒకటి అనుకుంటే రెండు పడ్డాయి.

తాయారు నాకింది. కళ్ళు మూసుకుంది. కాసేపు ఆగింది. వేడి తెలిసింది. పులుపు లేదు, తీపి లేదు. ఇంకొంచెం ఆగింది. అప్పుడు ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏవండీ," అంది. "ఉప్పు తగ్గిందండీ."

అబ్బులు గరిటె ముంచుకుని తానూ చూశాడు. తగ్గింది. నిజంగానే తగ్గింది. పొద్దుట్నుంచీ ఆదుర్దాలో సగమే వేశాడు.

"ఉప్పు తగ్గిందంట!" అని తోటంతా వినబడేలా కేక పెట్టాడు. "వింటన్నారా, ఉప్పు తగ్గిందంట! మా ఆవిడ చెప్పింది!" కేక పెడుతూనే భార్యని పిల్లలందరి ఎదుటా గట్టిగా కావలించుకున్నాడు. రత్నం కర్ర పైకెత్తి ఊపింది. సత్తెమ్మ ఈల వేసింది.

పులుపూ తీపీ చేదూ ఒక్కొక్కటే రావాలి, ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేనని షాహీన్ అంటూనే ఉంది, ఎవరూ వినిపించుకోలేదు. ఎవరో ఉప్పు డబ్బా పట్టుకుని గుండిగ దగ్గరికి వచ్చారు. అబ్బులు చెయ్యి అడ్డం పెట్టాడు.

ఆ రోజు ఆ పులుసులో అతను ఎవరినీ ఉప్పు వెయ్యనివ్వలేదు. ఉప్పు తగ్గిన ఆ పులుసే అందరూ మళ్ళీ మళ్ళీ అడిగి వేయించుకుని తిన్నారు.